హోయ్ట్ చూడకూడని ఆట

మా ఆయన హోయ్ట్ బ్రాషర్ పదకొండేళ్ళుగా ఒసాలీ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆట ఒక్కటి కూడా చూడలేదు. వెళ్ళక కాదు. మా మైదానంలో జరిగిన ప్రతి ఆటకూ పసుపు చొక్కా వేసుకుని నాతోపాటే వచ్చాడు. ముప్పై ఒకటో సెక్షన్, ఇరవై రెండో వరస, ఏడో కుర్చీ ఆయనది. ఏటా డబ్బు కట్టి నిలబెట్టుకుంటున్నాడు. కానీ ఆయన కూర్చునేది అందులో కాదు. మా సెక్షన్ పై వరస వెనకాల, మగవాళ్ళ మరుగుదొడ్డికీ ఉడకబెట్టిన పల్లీలమ్మే కొట్టుకీ మధ్య, మడత కుర్చీ వేసుకుని సిమెంటు గోడవైపు తిరిగి కూర్చుంటాడు.

అలా కూర్చోబెట్టింది మేమే. మేమంటే సెక్షన్‌లోని నూట ఇరవై మందీ. చేతులెత్తి ఓటేశాం. నేనూ ఎత్తాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు గానీ, ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

పదకొండేళ్ళ కిందట బ్యూల్ టెక్‌తో ఆట జరిగింది. బ్యూల్ టెక్ పేరు చెబితే మా ఊళ్ళో ఉయ్యాలలో పిల్లలకు కూడా ఒళ్ళు మండుతుంది. మా చెల్లెలు వాళ్ళ కాలేజీలో చదివినవాణ్ణి చేసుకుంటే, మా నాన్న పెళ్ళికైతే వచ్చాడు గానీ ఫోటోలో నిలబడలేదు. ఆ రోజు సగం ఆట అయ్యేసరికి పదిహేడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఆటకు ముందు అందరం వండుకు తినే పార్కింగ్‌లో ఆ పొద్దున మా సెక్షన్ లమార్ టిడ్‌మోర్ వండిన గుల్లల పులుసు హోయ్ట్ కడుపులో తిరగబడింది. లమార్‌ది శ్మశానాల వ్యాపారం, వంట సరదా. హోయ్ట్ పొట్ట పట్టుకుని మరుగుదొడ్డికి పరిగెత్తాడు. ఆయన అలా వెళ్ళాడో లేదో, మనవాళ్ళు బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. తిరిగొచ్చి కూర్చోగానే బంతి బ్యూల్ టెక్ చేతిలో పడింది. మళ్ళీ కడుపు మెలిపెట్టింది, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ టచ్‌డౌన్. నాలుగోసారి ఆయన తిరిగొస్తుంటే లమార్ మెట్ల మీద అడ్డం నిలబడి, "హోయ్ట్, నీకింకా తేలికపడినట్టు లేదు, వెళ్ళిరా," అన్నాడు. ఆ ఆట గెలిచాం.

తర్వాతి వారం ఆయన్ని బయటే ఉంచి పరీక్ష చేసి చూశారు, మళ్ళీ గెలిచాం. మా సెక్షన్‌కి పెద్ద మిస్ వర్బీనా కట్స్. ఇప్పుడు ఎనభై ఒకటి. మాలో ముప్పావు మందికి ఎనిమిదో క్లాసులో లెక్కలు చెప్పింది ఆవిడే, అందుకని ఆవిడ మాట్లాడితే తాతలైన వాళ్ళు కూడా చేతులు కట్టుకుంటారు. "ఇది మూఢనమ్మకం కాదు. నేను బాప్టిస్టు చర్చి మనిషిని, అలాంటివి నమ్మను. ఇది లెక్క," అని ఓటు పెట్టింది. నూట ఇరవై చేతులు లేచాయి. నూట ఇరవయ్యోది హోయ్ట్‌దే. తనకు వ్యతిరేకంగా తనే ఓటేసుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

అక్కడితో అయిందా అంటే, లేదు. వేరే ఊళ్ళో ఆట ఉంటే ఇంట్లో టీవీలో చూస్తాం కదా. అది కూడా చూపే అని తేల్చారు. దాంతో ఆ శనివారాలు హోయ్ట్ పెరట్లో గడ్డి కోసే యంత్రం పెట్టుకునే షెడ్డులో కూర్చుంటాడు. ఆట మొదలవగానే లమార్ ఫోను చేస్తాడు, "వెల్డా, షెడ్డు తలుపు వేశావా?" అని. రేడియో కూడా కుదరదు. ఒకసారి దొంగతనంగా పెట్టుకున్నాడు, మనవాడు బంతి జారవిడిచాడు, ఆయనే బయటికొచ్చి ఒప్పుకున్నాడు.

మనిషన్నాక దేనికైనా అలవాటు పడతాడు. హోయ్ట్ అరుపులు వినడం నేర్చుకున్నాడు. ఎనభై వేల మంది గొంతులు గోడ అవతల ఎలా లేస్తే ఎన్ని గజాలు ముందుకెళ్ళామో చెప్పేస్తాడు. పల్లీల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు ఆయన్నే అడుగుతారు. "ఎనిమిది గజాలు. కుడిపక్క నుంచి," అంటాడు గోడ చూస్తూ. నిజమే అవుతుంది.

ఇంతవరకూ ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకోవచ్చు. కానీ నాలుగేళ్ళ కిందట మా అబ్బాయి డాల్టన్ అదే కాలేజీలో చేరాడు, జట్టులోకీ వెళ్ళాడు. ఎవరూ పిలిచి చేర్చుకోలేదు. వీడే వెళ్ళి గుమ్మంలో నిలబడితే, సరే ఉండమన్నారు. వాడి పని ఏమిటంటే, బంతిని తన్నే కుర్రాడి ముందు మోకాలి మీద కూర్చోవడం, వెనక్కి విసిరిన బంతిని అందుకుని, దాని కుట్లు తన్నేవాడి కాలికి తగలకుండా తిప్పి నేల మీద నిలబెట్టడం, దాని నెత్తిన ఒక వేలు ఆనించడం. అవతలివాడు తన్నేస్తాడు. అంతే. పట్టుకున్నవాడి పేరు ఎవరూ చెప్పరు, పడేస్తే తప్ప. ఆ పనికి కూడా వీడికన్నా ముందు ఇంకొకడున్నాడు. నాలుగేళ్ళు రోజూ సాధనలో వెయ్యి బంతులు పట్టుకున్నాడు గానీ, ఆటలో ఒక్కసారీ దిగలేదు. ప్రతి వారం ఆట అయ్యాక బయటికొచ్చి, "అమ్మా, చూశావా?" అని అడుగుతాడు. మైదానం అంచు గీత పక్కన ఎలా నిలబడ్డాడో అదే నేను చెబుతాను. తండ్రిని అడగడు, అడిగి లాభం లేదని తెలుసు.

ఈ నవంబరులో ఆఖరి శనివారం, బ్యూల్ టెక్‌తోనే, మా మైదానంలోనే ఆట పడింది. చదువు అయిపోతున్న కుర్రాళ్ళకు అదే చివరి ఆట. ఆట చేతిలో ఉంటే చివర్లో కోచ్ వాళ్ళందర్నీ ఒక్కో నిమిషం దింపుతాడు, అది ఆనవాయితీ. పొద్దున తొమ్మిదికి పార్కింగ్‌లో మా ట్రక్కు వెనక తలుపు దించి బల్ల వేశాం. హోయ్ట్ బొగ్గుల మీద కోడి ముక్కలు తిప్పుతూ తిప్పుతూ నాకేసి చూడకుండా అన్నాడు.

"వెల్డా, ఇవాళ వాడు దిగితే నేను చూడాలే."

పదకొండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. 

"అడుగు. ఆవిణ్ణే అడుగు," అన్నాను.

మిస్ వర్బీనా మా బల్ల దగ్గరే, తన కుర్చీలో, గుడ్లు తింటూ ఉంది. హోయ్ట్ చేతులు తుడుచుకుని, టోపీ తీసి వెళ్ళాడు. అరవై దాటిన మనిషి, కోళ్ళ దాణా మిల్లులో నలభై మంది మీద పెద్ద, హోంవర్కు చెయ్యనివాడిలా నిలబడ్డాడు.

"మిస్ వర్బీనా, ఒక్క మాటండీ."

"వెల్డా, గుడ్లలో ఆవముద్ద తగ్గింది," అంది ఆవిడ నాతో. తర్వాత ఆయన వైపు తిరిగి, "ఊఁ, చెప్పు."

"మావాడికిది ఆఖరి ఆటండి. కోచ్‌గారు వాణ్ణి దింపితే, ఆ ఒక్కసారికీ లోపలికొచ్చి చూసి వెళ్ళిపోతానండి. కూర్చోను కూడా కూర్చోను."

లమార్ పక్కనే గరిటె పట్టుకుని ఉన్నాడు. "హోయ్ట్, నీ మీద ప్రేమ లేక కాదయ్యా. కానీ బ్యూల్ టెక్‌తో ఆటకి నిన్ను లోపలికి తీసుకురావడమంటే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే కదా."

"నీ పులుసు వల్లే కదయ్యా ఇదంతా," అన్నాను నేను.

"ఆ పులుసు వల్లే గెలిచాం కూడా," అన్నాడు లమార్, ఏమాత్రం సిగ్గు లేకుండా.

మిస్ వర్బీనా చెయ్యెత్తింది. ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం. ఆవిడ కాసేపు ఆకాశం కేసి చూసి లెక్క వేసుకుంది. "వాడు దిగేటప్పటికి మనం పద్నాలుగు పాయింట్లు పైనుంటే రా. పదమూడైతే రావొద్దు."

"పదమూడైతే ఏమవుతుందండీ?"

"ఎనిమిదో క్లాసులోనూ ఇంతే నువ్వు. లెక్క చెప్తే ఎందుకని అడుగుతావు."

ఆటకు ముందు ఇంకో తంతు ఉంది. ఆఖరి ఏడాది కుర్రాళ్ళను తల్లిదండ్రులతో సహా మైదానం మధ్యకు నడిపిస్తారు, బ్యాండు వాయిస్తుంది, పేర్లు చదువుతారు. ఆట ఇంకా మొదలవలేదు కాబట్టి హోయ్ట్ రావచ్చన్నారు. అయితే ఎందుకైనా మంచిది, తల మాత్రం ఎత్తొద్దన్నారు. నేను కొడుకు చెయ్యి ఒక పక్కా మొగుడి చెయ్యి ఒక పక్కా పట్టుకుని నడిచాను. హోయ్ట్ తన బూట్లు చూసుకుంటూ వచ్చాడు. ఎనభై వేల మంది చప్పట్లు కొడుతుంటే అంత వంగి నడిచిన మనిషిని చూసి, మైకులో పేర్లు చదివే ఆయన నడుం నొప్పి అనుకున్నట్టున్నాడు, "నెమ్మదిగా సార్," అన్నాడు.

"గడ్డి బాగా పెంచారు," అన్నాడు హోయ్ట్, బయటికొచ్చాక.

ఆట రెండున్నరకు మొదలైంది. ఏ దశలోనూ పద్నాలుగు కాదు కదా, నాలుగు పాయింట్లు కూడా పైకి వెళ్ళలేదు మనవాళ్ళు. వాళ్ళొకటి చేస్తే మేమొకటి. నేను అరిచాను, అరుస్తూనే పక్క కుర్చీ ఖాళీని చూసుకున్నాను. ఆట మూడో పావులో, ఒకరి మీద ఒకరు పడ్డ ఆటగాళ్ళ కుప్పలోంచి ఒకడు తన చెయ్యి తనే పట్టుకుని బయటికొచ్చాడు. ఎవడా అని చూస్తే, బంతి పట్టుకోవడంలో డాల్టన్‌కన్నా ముందున్నవాడు. రెండు వేళ్ళకు కట్టు కట్టి బల్ల మీద కూర్చోబెట్టారు. ఇక బంతి తన్నాల్సి వస్తే, పట్టుకోవాల్సింది మావాడే.

రాకూడదనే కోరుకున్నాను. తల్లిని కదా, వాడు ఆడాలని ఉండాలి. కానీ మా ఊళ్ళో వర్జిల్ మోట్స్ అనే ఆయన ఉన్నాడు. నలభై అయిదేళ్ళ కిందట ఇదే బ్యూల్ టెక్‌తో ఆటలో పట్టుకోవాల్సిన బంతిని జారవిడిచాడు. ఇప్పటికీ మందుల షాపులో చిల్లర ఆయన చేతికివ్వరు, బల్ల మీద పెడతారు, పడేస్తాడేమోనని.

నాలుగు సెకన్లు మిగిలాయి. ఇరవై మూడు, ఇరవై ఒకటి. రెండు పాయింట్లు వెనక ఉన్నాం. బంతి తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే మూడొస్తాయి, గెలుస్తాం. తన్నే కుర్రాడు లోపలికి నడిచాడు. వాడి వెనకాల తొంభై ఒకటో నంబరు చొక్కా నడిచింది. ఆ చొక్కా నాలుగేళ్ళుగా నేను ఉతుకుతున్నాను, మురికంటింది లేదు. డాల్టన్ మోకాలి మీద కూర్చున్నాడు. ఇంతలో బ్యూల్ టెక్ కోచ్ ఆట ఆపమని చేతులూపాడు. ఇలాంటప్పుడు తన్నేవాడికి ఆలోచించుకునే తీరిక ఇచ్చి బెదరగొట్టడం అందరూ చేసేదే.

నేను లేచాను.

"ఎక్కడికి వెల్డా?" అన్నాడు లమార్.

"మరుగుదొడ్డికి."

"ఇప్పుడా?"

"నువ్వేమైనా వండావేమో పొద్దున," అని మెట్లెక్కేశాను.

హోయ్ట్ గోడవైపు తిరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పల్లీలమ్మే ఆవిడ కూడా కొట్టు వదిలి లోపలికి పోయింది. అంత పెద్ద నడవలో ఈయనొక్కడే.

"తన్నబోతున్నారు కదా," అన్నాడు నా అడుగుల చప్పుడు విని. "నలభై నాలుగు గజాలు ఉంటుంది. పట్టుకునేదెవరు?"

"ఇంకెవరుంటారు. లే."

ఆయన లేవలేదు. "ఎంతలో ఉన్నాం?"

"రెండు తక్కువ."

"మరి పద్నాలుగన్నారు కదా."

"హోయ్ట్, వాడు దిగాడు. నీ కొడుకు దిగాడు. లే పైకి."

"నేను చూస్తే వాడు పడేస్తాడు వెల్డా. ఓడితే ఓడతాం, అది నాకు పర్లేదు. కానీ పడేస్తే ఈ ఊళ్ళో వాడి బతుకేం కాను? వర్జిల్ని చూడు. నేను చూడకపోవడమే వాడికి నేను చెయ్యగలిగింది. నాలుగేళ్ళ నుంచీ అదే చేస్తున్నా."

అప్పటిదాకా ఆయన కాలేజీ జట్టు కోసం కూర్చుంటున్నాడనే అనుకున్నాను. కొడుకు కోసం కూర్చుంటున్నాడని నాకు తట్టలేదు. ఒకపక్క ఏడుపొచ్చింది, ఒకపక్క చెంప పగలగొడదామనిపించింది.

"విను. వాడు రోజుకి వెయ్యి బంతులు పట్టుకున్నాడు. పట్టుకునేవి వాడి చేతులయ్యా, నీ కళ్ళు కావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ జట్టు ఓడినప్పుడల్లా నీ మీద పెట్టారు, నువ్వు పెట్టించుకున్నావు. ఆ రోజు నేనూ చెయ్యెత్తాను. ఇదిగో, దించేస్తున్నా. ఇప్పుడు నువ్వు లేవకపోతే, వాడు బయటికొచ్చి అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పను. మీ నాన్న గోడ చూస్తూ కూర్చున్నాడని చెప్తా."

లోపల అరుపు తగ్గింది. హోయ్ట్ తల పక్కకు వంచి విన్నాడు. "మళ్ళీ ఆపించాడు వాళ్ళ కోచ్," అన్నాడు. అని, లేచాడు.

పై మెట్టు దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఎదురుగా ఎండ, మైదానం, మనుషులు. హోయ్ట్ అక్కడ నిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

మా సెక్షన్ అంతా మాకు కింద ఉంటుంది. ముందు ఒకావిడ తల తిప్పింది. "అయ్యో దేవుడా, హోయ్ట్," అంది. ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నాలుగు సెకన్ల ఆట వదిలేసి, ఏడాదంతా ఎదురుచూసిన తన్ను వదిలేసి, నూట పద్దెనిమిది మంది మైదానానికి వీపు పెట్టి మా ఆయన కేసి చూస్తున్నారు. పొద్దున ఆజ్ఞలు ఇచ్చినవాళ్ళే ఇప్పుడు చేతులు జోడిస్తున్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటే ఇదే.

"హోయ్ట్, బాబ్బాబు, వెళ్ళిపోవయ్యా."

"నీ షెడ్డుకి నేను రంగు వేయిస్తా, వెళ్ళిపో."

"హోయ్ట్ బ్రాషర్," అంది మిస్ వర్బీనా, చేతికర్ర పట్టుకుని లేచి నిలబడి, "ఎంత తక్కువలో ఉన్నామో తెలుసా నీకు?"

"రెండండి," అన్నాడు హోయ్ట్ కళ్ళు మూసుకునే.

లమార్ రెండేసి మెట్లెక్కి వస్తున్నాడు. నేను అతనికి అడ్డంగా నిలబడి, హోయ్ట్ మొహాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను. బొగ్గుల వాసన, పల్లీల ఉప్పు. "కళ్ళు తెరువు," అన్నాను. "తెరువయ్యా. నీ కొడుకు."

ఈల వినపడింది. హోయ్ట్ కళ్ళు తెరిచాడు.

నా మొహం మీదుగా, లమార్ నెత్తి మీదుగా, వాళ్ళందరి తలల మీదుగా చూశాడు. ఆ చూపు కొంచెం కిందికి దిగింది, ఒక చోట ఆగింది. కనుగుడ్డు కదల్లేదు. నేను ఆ రెండు కళ్ళే చూస్తున్నాను. అంత దగ్గరగా ఆయన కళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. మైదానంలో దబ్బున ఒక చప్పుడైంది. ఆయన కళ్ళ నిండా నీళ్ళొచ్చేశాయి.

స్టేడియం మొత్తం అరిచింది. మా సెక్షన్ అరవలేదు. ఎవరికీ ఏమైందో తెలియదు. అందరూ హోయ్ట్ మొహం కేసే చూస్తున్నారు, ఆ మొహమేమో ఏడుస్తోంది.

"పోయిందా?" అన్నాడు లమార్. "హోయ్ట్, లోపలికెళ్ళిందా, పక్కకి పోయిందా?"

"పట్టుకున్నాడు," అన్నాడు హోయ్ట్.

"ఎవరు పట్టుకున్నారు? వాళ్ళా?"

"డాల్టన్. పట్టుకున్నాడు. నిలబెట్టాడు."

"అది సరే, తన్నిందేమైంది?"

హోయ్ట్ కాస్త తికమకపడ్డాడు. "తన్నడం నేను చూళ్ళేదు," అన్నాడు.

అప్పుడు తిరిగారు అందరూ. బోర్డు మీద ఇరవై నాలుగు, ఇరవై మూడు అని ఉంది. బ్యాండు వాయిస్తోంది. కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి గుట్టలా ఉన్నారు, ఆ గుట్టలో మావాడెక్కడో కనపడలేదు.

మిగిలిన స్టేడియం అంతా ఎగురుతుంటే ముప్పై ఒకటో సెక్షన్ తేలు కుట్టిన దొంగల్లా నిలబడింది. గెలిచాం. హోయ్ట్ చూశాడు, గెలిచాం. అంటే ఈ పదకొండేళ్ళూ ఆ మనిషిని గోడ దగ్గర ఎందుకు కూర్చోబెట్టినట్టు? ఆ ప్రశ్న అందరి మొహాల్లోనూ ఉంది, ఎవరి నోటి నుంచీ రాలేదు. ఒక్కరైనా తప్పయిందంటారేమోనని నేను చూశాను. లమార్ గడ్డం గోక్కున్నాడు. ఒకావిడ హోయ్ట్ చొక్కా మీద లేని దుమ్ము దులిపింది.

మిస్ వర్బీనా చేతికర్రతో మెట్టు మీద రెండుసార్లు కొట్టింది.

"కంగారు పడకండి," అంది. "లెక్క తప్పలేదు. హోయ్ట్ ఒక్కడే చూశాడు. మనం నూట పద్దెనిమిది మందిమి చూళ్ళేదు, వెల్డాతో నూట పందొమ్మిది. ఒకటి ఎక్కువా, నూట పందొమ్మిది ఎక్కువా?"

"నూట పందొమ్మిదండి," అన్నాడు లమార్. ఆ గొంతులో ఎంత హాయి వినపడిందో చెప్పలేను.

"అంతే. హోయ్ట్‌ని మించిన దురదృష్టం మనమే. ఇన్నేళ్ళూ చిన్న సంఖ్యని తీసేసి పెద్ద సంఖ్యని ఉంచాం. వచ్చే ఏడాది నుంచి బంతి తన్నేటప్పుడు సెక్షన్ అంతా వెనక్కి తిరగాలి. చూసి చెప్పడానికి ఒకడుండాలి. ఆ ఒకడు హోయ్ట్. చేతులెత్తండి."

లేచాయి చేతులన్నీ. నేను ఎత్తలేదు. హోయ్ట్ ఎత్తబోతుంటే కిందికి లాగాను.

ఆయన వెళ్ళి ఇరవై రెండో వరసలో ఏడో కుర్చీలో కూర్చున్నాడు. ఖాళీ అవుతున్న మైదానాన్ని చాలాసేపు చూశాడు. "ఈ కుర్చీ ఇంత ఇరుకుగా ఉండేదా?" అన్నాడు.

కుర్రాళ్ళు బయటికొచ్చే గేటు పార్కింగ్ వైపే ఉంటుంది. గంట పట్టింది. జనం పలచబడ్డారు, బొగ్గులు ఆరిపోయాయి. డాల్టన్ తడి జుట్టుతో, భుజాన సంచీతో వచ్చాడు. వాడి పెదవి చిట్లి ఉంది, గుట్టలో ఎవరి మోచెయ్యో తగిలిందట. ఎప్పట్లాగే నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, చూశావా?"

చూశానందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. నాలుగేళ్ళు నిలబడ్డం, నీళ్ళు తాగడం, చప్పట్లు కొట్టడం అన్నీ చూసి చెప్పాను. వాడు నిజంగా ఆడిన ఆ ఒక్క సెకనూ నేను చూడలేదు.

"లేదురా," అన్నాను. "నేను చూళ్ళేదు."

వాడి మొహం వాడిపోయింది. "ఎక్కడికెళ్ళావు?"

"మీ నాన్నని తీసుకురావడానికి. ఆయన చూశాడు."

డాల్టన్ తండ్రి వైపు తిరిగాడు. సంతోషిస్తాడనుకున్నాను. వాడు తెల్లబోయాడు. "నువ్వు చూశావా నాన్నా? లోపలికొచ్చావా? మరి గెలిచాం కదా?" పదకొండేళ్ళ వయసు నుంచీ షెడ్డు తలుపు వేసి వచ్చింది వీడే, వీడు మాత్రం నమ్మకుండా ఎలా ఉంటాడు. "నువ్వొచ్చావని తెలిస్తే అక్కడే పడేసేవాణ్ణి," అన్నాడు.

"తెలుసురా. అందుకే చెప్పలేదు," అన్నాడు హోయ్ట్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. మా మగాళ్ళకు కావలించుకోవడం రాదు. హోయ్ట్ టోపీ సర్దుకున్నాడు.

"బంతి కిందికొచ్చింది," అన్నాడు. "నీ ఎడమ మోకాలి వైపు. రెండు చేతులూ కిందికి దించి తీశావు. కుట్లు తన్నేవాడివైపు ఉన్నాయి. నిలబెడుతూనే రెండు వేళ్ళతో తిప్పేశావు. అవతలికి."

డాల్టన్ నోరు తెరుచుకుని విన్నాడు. "కుట్లు తిప్పింది కోచ్ కూడా చూళ్ళేదు నాన్నా. వీడియోలో కూడా ఎవడో అడ్డమొచ్చాడు."

"నేను చూశాను."

వాడు సంచీ కింద పడేసి, మా బల్ల మీద నుంచి ఖాళీ టీ గ్లాసు ఒకటి తీసుకుని, తండ్రి చేతిలో పెట్టాడు. "విసురు. కిందికి, ఎడమ పక్కకి. అమ్మా, నువ్వు ఇటొచ్చి నిలబడు, ఇక్కణ్ణుంచి కనపడుద్ది."

పార్కింగ్ కంకర మీద మోకాలు వేసి కూర్చున్నాడు. హోయ్ట్ ఏడు అడుగులు కొలుచుకుని వెళ్ళి, వంగి, కాళ్ళ మధ్య నుంచి గ్లాసు విసిరాడు. మొదటిది మరీ పక్కకు పోయింది. "ఇలా కాదు, ఇంకొంచెం కింద," అని తనే తిట్టుకుని మళ్ళీ విసిరాడు.

సరిగ్గా అప్పుడే లమార్, మిస్ వర్బీనా, ఇంకో నలుగురూ కార్ల వైపు పోతూ మమ్మల్ని చూశారు. డాల్టన్ మోకాలి మీద, నేను ఎదురుగా, గ్లాసు గాల్లో. ఎందుకైనా మంచిదని ఆరుగురూ గబుక్కున వెనక్కి తిరిగి నిలబడ్డారు.

డాల్టన్ రెండు చేతులూ దించి అందుకున్నాడు. కంకర మీద నిలబెట్టాడు. రెండు వేళ్ళతో తిప్పాడు. నేను చూశాను.